భద్రాచలం నుంచి లేహ్‌కు: పలుచని గాలికి తగిన సామాను

గోదావరి ఒడ్డున ఉన్న భద్రాచలం సముద్రమట్టానికి సుమారు 50 మీటర్ల ఎత్తులో ఉంటుంది. సింధు లోయలోని లేహ్ పట్టణం ఎత్తు సుమారు 3,500 మీటర్లు. ఈ రెండు ఊళ్ల మధ్య ప్రయాణమంటే నిట్టనిలువునా మూడున్నర కిలోమీటర్లు పైకెక్కడమే. ఇక్కడ వానలు తగ్గుముఖం పట్టి శరదృతువు మొదలయ్యే సెప్టెంబరు చివర, దసరా సెలవులకు అటూ ఇటూగా, లద్దాఖ్ యాత్ర పెట్టుకునేవారు ఎక్కువగా చలి గురించే ఆలోచిస్తారు. పెట్టె నిండా స్వెట్టర్లు, మంకీ క్యాపులు, రగ్గులు కుక్కుతారు. ఆ రోజుల్లో లేహ్‌లో పగలు ఎండ కాస్తే ఉష్ణోగ్రత 20 డిగ్రీల దాకా వెళుతుంది. రాత్రి 5 డిగ్రీల దగ్గరకు, కొన్ని రోజులు అంతకంటే కిందకు దిగుతుంది. ఈ చలిని ఒక మంచి స్వెట్టరు, పైన ఒక జాకెట్ ఆపగలవు. పలుచబడిన గాలిని మాత్రం ఏ బట్టా ఆపలేదు. అందుకే సర్దుకోవడం ఆక్సిజన్ లెక్కతో మొదలుపెట్టి, ఆ తరువాత బట్టల దగ్గరకు రావాలి.

రెండు ఊళ్ల గాలి

గాలిలో ఆక్సిజన్ వాటా భద్రాచలంలోనైనా లేహ్‌లోనైనా దాదాపు 21 శాతమే. మారేది గాలి పీడనం. మన నెత్తి మీద ఉన్న వాతావరణం బరువే ఆ పీడనం. పైకి వెళ్లేకొద్దీ పైనున్న గాలి తగ్గుతుంది కాబట్టి పీడనమూ తగ్గుతుంది. సముద్రమట్టం దగ్గర అది సుమారు 1,013 హెక్టోపాస్కల్స్ ఉంటే, లేహ్ ఎత్తులో 660 ప్రాంతంలో ఉంటుంది. అంటే అక్కడ పీల్చే ప్రతి శ్వాసలో ఇక్కడి ఆక్సిజన్‌లో మూడింట రెండు వంతులే అందుతుంది.

మిగతా తేడాలూ చిన్నవి కావు. ఎత్తు ప్రతి వెయ్యి మీటర్లకు ఉష్ణోగ్రత సగటున ఆరున్నర డిగ్రీలు పడిపోతుంది. అతినీలలోహిత కిరణాల తీవ్రత వెయ్యి మీటర్లకు పది శాతం చొప్పున పెరుగుతుంది. హిమాలయాలు రుతుపవన మేఘాలను అడ్డుకోవడం వల్ల లేహ్‌లో ఏడాది మొత్తం మీద కురిసేది వంద మిల్లీమీటర్ల వాన. ఏటా వెయ్యి మిల్లీమీటర్లు దాటే భద్రాచలం ఏజెన్సీలో జోరు వాన కురిస్తే అది ఒక్క రోజు లెక్క. కాబట్టి సెప్టెంబరులో ఇక్కడ చేతిలో ఉండే గొడుగు, రెయిన్‌కోటు అక్కడ అంతగా పనికిరావు. ఇక్కడ ఎవరికీ గుర్తురాని వాజలిన్ డబ్బా అక్కడ రోజూ అవసరమవుతుంది.

శరీరం సర్దుకునే తీరు

తక్కువ ఆక్సిజన్‌ను మెడ దగ్గరి రక్తనాళాల్లో ఉండే చిన్న గ్రాహకాలు మొదట గుర్తిస్తాయి. వెంటనే శ్వాస వేగం, లోతు పెరుగుతాయి, గుండె వేగంగా కొట్టుకుంటుంది. ఇంత గట్టిగా ఊపిరి పీల్చి వదలడంలో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా బయటకు పోయి రక్తం కొంత క్షారగుణం వైపు మొగ్గుతుంది. మెదడు దాన్ని పసిగట్టి శ్వాసకు కళ్లెం వేస్తుంది. ఈ లాగులాటే రాత్రి నిద్రలో బయటపడుతుంది: నాలుగైదు లోతైన శ్వాసలు, కొన్ని సెకన్ల విరామం, మళ్లీ గబగబా శ్వాసలు. పక్కన పడుకున్నవారిని ఇది కంగారు పెట్టినా, కొత్తగా వచ్చినవారిలో మామూలే. మూత్రపిండాలు బైకార్బొనేట్‌ను బయటకు పంపి రక్తాన్ని దారిలో పెట్టడానికి రెండు మూడు రోజులు తీసుకుంటాయి. ఎర్ర రక్తకణాలు చెప్పుకోదగ్గంత పెరగడానికి వారాలు పడుతుంది.

ఈలోగా కొందరిలో ఎత్తు జబ్బు కనిపిస్తుంది. చేరిన ఆరు నుంచి పన్నెండు గంటల్లో తలనొప్పి మొదలవుతుంది. దానికి వికారం, ఆకలి మందగించడం, నీరసం, తల తిరగడం, నిద్ర పట్టకపోవడం తోడవుతాయి. చాలామందికి ఇది ఒకటి రెండు రోజుల విశ్రాంతితోనే తగ్గిపోతుంది. ప్రాణం మీదికి వచ్చే రూపాలు రెండున్నాయి. ఊపిరితిత్తుల్లో నీరు చేరితే కూర్చున్నా ఆయాసం, పొడిదగ్గు, ఛాతీ బిగుసుకుపోవడం ఉంటాయి. మెదడు ఉబ్బితే తూలుతూ నడవడం, మాట తడబడటం, మతి తప్పడం కనిపిస్తాయి.

ఈ జబ్బు గురించి ప్రపంచ వైద్యానికి తెలిసినదాంట్లో కొంత భాగం భారత సైనికుల అనుభవం నుంచి వచ్చింది. 1962 యుద్ధ కాలంలో మైదానాల నుంచి వేలమంది సైనికులను హఠాత్తుగా హిమాలయాల పైకి తరలించాల్సి వచ్చింది. వారిలో 1,925 మంది కేసులను పరిశీలించి ఇందర్ సింగ్ నాయకత్వంలోని సైనిక వైద్యులు 1969లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ప్రచురించిన వ్యాసం ఈ రంగంలో ఇప్పటికీ ప్రస్తావనకు వస్తుంది. కండలు తిరిగిన యువకులు కూడా అందులో ఉన్నారు. ఒంట్లో సత్తువ ఉన్నంత మాత్రాన ఎత్తు జబ్బు రాదన్న భరోసా లేదు.

ముందు రోజులు సర్దుకోవాలి

భద్రాచలంలో బస్సెక్కి హైదరాబాద్ చేరి, శంషాబాద్‌లో విమానం పట్టుకుంటే ఢిల్లీ మీదుగా రెండు రోజులు తిరగకముందే లేహ్‌లో దిగవచ్చు. విమానం లోపలి పీడనం సాధారణంగా 1,800 నుంచి 2,400 మీటర్ల ఎత్తుకు సమానంగా ఉంచుతారు. లేహ్‌లోని కుషోక్ బకుల రింపోచే విమానాశ్రయం 3,256 మీటర్ల ఎత్తులో ఉంది. అంటే తలుపు తీసి బయట అడుగుపెట్టినప్పుడు ప్రయాణికుడు విమానంలో ఉన్నప్పటికంటే పలుచని గాలిలోకి వెళతాడు. శరీరానికి సర్దుకునే వ్యవధి ఏమాత్రం ఇవ్వని దారి ఇదే.

రోడ్డు మార్గాల్లో శ్రీనగర్ దారి నెమ్మదైనది. శ్రీనగర్ 1,600 మీటర్ల దగ్గర, రాత్రి బస చేసే కార్గిల్ సుమారు 2,700 మీటర్ల దగ్గర ఉంటాయి కాబట్టి మెట్లెక్కినట్టు ఎక్కవచ్చు. మనాలి దారిలో 4,800 మీటర్లు దాటిన కనుమలున్నాయి. మధ్యలో సర్చు దగ్గర 4,200 మీటర్ల పైన పడుకోవాల్సి వస్తే మొదటి రాత్రే తలనొప్పి పట్టుకునే ప్రమాదం ఎక్కువ.

విమానంలో వెళ్లేవారు లేహ్‌లో మొదటి 48 గంటలు ఏ కార్యక్రమమూ పెట్టుకోకూడదు. మొదటి రోజు గది, భోజనం, నిద్ర. రెండో రోజు చదునైన వీధుల్లో నెమ్మదిగా నడక. ఆ తరువాతి మజిలీల వరుస కూడా ముఖ్యం. 3,000 మీటర్లు దాటాక పడుకునే ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదన్నది వైద్యులు చెప్పే సూత్రం. 5,359 మీటర్ల ఖర్దుంగ్ లా కనుమ దాటి వెళ్లే నుబ్రా లోయలో ఊళ్లు లేహ్ కంటే కిందే, 3,100 మీటర్ల ప్రాంతంలో ఉంటాయి. పాంగాంగ్ సరస్సు ఒడ్డు 4,200 మీటర్ల పైన ఉంటుంది. కాబట్టి నుబ్రాలో రాత్రులు ముందు, పాంగాంగ్ చివర పెట్టుకోవడం సబబు.

పల్లపు ప్రాంతంలో పుట్టినవారు ఎత్తుకు పనికిరారని దీని అర్థం కాదు. భద్రాచలం అడవుల అంచున, ఛత్తీస్‌గఢ్ సరిహద్దులో ఉన్న చర్ల మండలానికి చెందిన సాధనపల్లి ఆనంద్ కుమార్ 2014 మే 25న, నిజామాబాద్ జిల్లా పిల్ల మాలావత్ పూర్ణతో కలిసి టిబెట్ వైపు నుంచి ఎవరెస్టు శిఖరం చేరాడు. అప్పటికి ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులు. వారి శిక్షణ భువనగిరి రాతికొండ మీద మొదలై, డార్జిలింగ్‌లోని హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు, అక్కణ్నుంచి లద్దాఖ్ చలికాలానికి సాగింది. ఎవరెస్టు మీదా వారాల తరబడి ఎక్కుతూ దిగుతూ శరీరాన్ని అలవాటు చేసుకున్నాకే శిఖరానికి కదిలారు. వారం రోజుల యాత్రకూ అదే సూత్రం చిన్న కొలతలో వర్తిస్తుంది.

బయల్దేరే ముందు రక్తపరీక్ష

ఏజెన్సీ ప్రాంతం నుంచి వెళ్లేవారికి మామూలు యాత్రా పుస్తకాల్లో కనిపించని జాగ్రత్తలు రెండున్నాయి. ఇక్కడి గిరిజన కుటుంబాల్లో సికిల్ సెల్ జన్యువు ఉన్నవారు ఉన్నారు. ఈ జన్యువు వల్ల తయారయ్యే హిమోగ్లోబిన్ ఆక్సిజన్ తగ్గినప్పుడు పోగులు పోగులుగా అతుక్కుపోతుంది. గుండ్రని ఎర్ర రక్తకణం కొడవలిలా వంగి సన్నని రక్తనాళాల్లో ఇరుక్కుంటుంది. జబ్బు పూర్తిస్థాయిలో ఉన్నవారికి లేహ్ ఎత్తు ప్రమాదకరం. వారు అసలు వెళ్లకపోవడమే మేలు. తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్క జన్యువే వచ్చినవారిని వాహకులంటారు. వీరికి ఊళ్లో ఏ ఇబ్బందీ ఉండదు కాబట్టి తమలో ఆ జన్యువు ఉందని తెలియకుండానే జీవితం గడిచిపోతుంది. కానీ ఎత్తైన చోట్ల కొందరు వాహకులకు ప్లీహానికి రక్తం అందక, ఎడమవైపు పక్కటెముకల కింద తీవ్రమైన నొప్పి వచ్చిన సంఘటనలు వైద్య గ్రంథాల్లో నమోదయ్యాయి. అలాంటి నొప్పి వస్తే గ్యాస్ నొప్పి అనుకుని ఊరుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి, కిందకు దిగాలి.

2023 జూలై 1న మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమంలో గిరిజన ప్రాంతాల్లో పరీక్షలు చేసి కార్డులు ఇస్తున్నారు. ఆ కార్డు ఉంటే ఆధార్‌తో పాటు అదీ సంచిలో ఉండాలి. పరీక్ష చేయించుకోనివారు బయల్దేరే ముందే చేయించుకోవాలి. అదే సమయంలో హిమోగ్లోబిన్ శాతమూ చూపించుకుంటే మంచిది. రక్తహీనత ఉన్నవారికి ఆక్సిజన్ మోసే శక్తి ముందే తక్కువ.

రెండో జాగ్రత్త మలేరియా. వానాకాలం చివర ఏజెన్సీలో దోమ కుట్టినా జ్వరం బయటపడటానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. ఆలోగా రోగి లేహ్‌లో ఉండవచ్చు. చలి, వణుకు, తలనొప్పి చూసి ఎత్తు జబ్బు అనో జలుబు అనో పొరబడే అవకాశం ఉంది. జ్వరం వస్తే తాము మలేరియా ఉన్న అడవి ప్రాంతం నుంచి వచ్చామని డాక్టరుకు మొదటి మాటగా చెప్పాలి.

మందుల సంచి

ఎసిటజోలమైడ్ ఎత్తు జబ్బును నివారించే ప్రధానమైన మందు. మూత్రపిండాలు రెండు మూడు రోజుల్లో చేసే బైకార్బొనేట్ విసర్జనను ఇది త్వరపెడుతుంది, దాంతో శ్వాసకు పడిన కళ్లెం సడలుతుంది. పెద్దలకు సాధారణంగా 125 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు రెండుసార్లు, ఎక్కడానికి ముందు రోజు నుంచి ఇస్తారు. మన దుకాణాల్లో దొరికే మాత్ర ఎక్కువగా 250 మిల్లీగ్రాములది కాబట్టి అది సగం మాత్ర అవుతుంది. వేళ్లు తిమ్మిరెక్కడం, ఎక్కువసార్లు మూత్రం రావడం దీని మామూలు ప్రభావాలు. సల్ఫా మందులు పడనివారు, గర్భిణులు, కిడ్నీ జబ్బులున్నవారు డాక్టరును అడగకుండా వేసుకోకూడదు. మిగతావారికీ డాక్టరు చీటీ తప్పనిసరి.

దాంతో పాటు తలనొప్పికి పారాసెటమాల్, ఓఆర్‌ఎస్ పొట్లాలు, వాంతుల మాత్రలు ఉండాలి. బీపీ, షుగరు మందులు యాత్ర రోజులకంటే వారం ఎక్కువ సరిపడా, చేతి సంచిలోనే పెట్టుకోవాలి. వేలికి తగిలించి రక్తంలో ఆక్సిజన్ శాతం చూసే పల్స్ ఆక్సీమీటర్ ఉపయోగపడుతుంది. అయితే ఊళ్లో 97, 98 చూపించే పరికరం లేహ్‌లో మొదటి రోజు 85, 90 మధ్య చూపిస్తే హడలిపోనక్కర్లేదు. వేళ్లు చల్లబడినా, గోళ్లకు రంగున్నా అంకె తప్పు రావచ్చు. అంకెకంటే మనిషి ఎలా ఉన్నాడన్నదే ముఖ్యం. దుకాణాల్లో అమ్మే చిన్న ఆక్సిజన్ డబ్బా కొన్ని నిమిషాల్లో ఖాళీ అవుతుంది. దాన్ని నమ్ముకుని పైకి వెళ్లడం పొరపాటు. మద్యం, నిద్రమాత్రలు నిద్రలో శ్వాసను మరింత మందగింపజేస్తాయి కాబట్టి మొదటి రోజుల్లో రెండూ కూడదు.

బట్టలు: ఒకటి మీద ఒకటి

లేహ్‌లో ఎండలో నిలబడితే చెమట పడుతుంది, గోడ నీడలోకి వస్తే స్వెట్టరు కావాలనిపిస్తుంది. పలుచని పొడిగాలి వేడిని పట్టి ఉంచదు. ఖర్దుంగ్ లా కనుమ మీద లేహ్ కంటే పన్నెండు డిగ్రీలు తక్కువ ఉంటుంది, పైగా ఈదురుగాలి. ఇన్ని రకాల వాతావరణానికి ఒక్క మందపాటి కోటు సరిపోదు. తీసుకోవడానికీ వేసుకోవడానికీ వీలైన పొరలు కావాలి.

ఒంటికి ఆనుకునే పొర నూలు బనియన్ కాకూడదు. నూలు చెమటను పీల్చుకుని తడిగానే ఉండిపోతుంది, ఆ తడి ఒంటి వేడిని లాగేస్తుంది. మన ఉక్కపోతలో హాయినిచ్చే గుణమే చలిలో శత్రువు. థర్మల్స్ రెండు జతలు చాలు. మధ్య పొరకు ఉన్ని స్వెట్టరు లేదా ఫ్లీస్ జాకెట్. ఉన్ని పనిచేసే తీరు తెలంగాణ పల్లెల్లో గొర్రెలకాపరులు వానలో కప్పుకునే నల్ల గొంగడిలో చూడవచ్చు. ఉన్నిపోగు మెలికలు తిరిగి ఉండటం వల్ల పోగుల మధ్య గాలి చిక్కుకుంటుంది, ఆ గాలే వేడిని బయటకు పోనివ్వదు. తన బరువులో దాదాపు 30 శాతం తేమను పీల్చుకున్నా ఉన్ని తడిసినట్టు అనిపించదు. బయటి పొర గాలి చొరబడని తేలికపాటి జాకెట్.

వీటికి తోడు చెవులు మూసే టోపీ, గ్లౌజులు, ఉన్ని సాక్సులు మూడు జతలు, నెలరోజులుగా వాడి కాలికి అలవాటైన బూట్లు ఉండాలి. కొత్త బూట్లు యాత్రలో తొడిగితే బొబ్బలు ఖాయం. వానాకాలంలో భద్రాచలంలో ఉతికిన బట్ట రెండు రోజులైనా ఆరదు. లేహ్ పొడిగాలిలో మాత్రం గబగబా ఆరిపోతుంది. అందువల్ల రోజుకో జత మోసుకెళ్లనక్కర్లేదు. భుజం మీద నూలు తువ్వాలు మాత్రం ఉండనివ్వవచ్చు: దుమ్ము రోడ్ల మీద ముక్కుకు కట్టుకోవడానికి దానికి మించినది లేదు.

చర్మం, కళ్లు, దాహం

లేహ్ ఎత్తులో అతినీలలోహిత కిరణాలు సముద్రమట్టం కంటే మూడో వంతుకు పైగా ఎక్కువ. గాలి చల్లగా ఉండటంతో చర్మం మాడుతున్న సంగతి సాయంత్రం దాకా తెలియదు. మే నెల ఎండల్ని తట్టుకున్న చర్మమైనా సరే, ఎస్‌పీఎఫ్ 30 దాటిన సన్‌స్క్రీన్, వెడల్పు అంచు టోపీ, యూవీ కిరణాలను ఆపే నల్ల కళ్లద్దాలు కావాలి. రంగు అద్దం ఒక్కటే సరిపోదు: చీకటికి కనుపాప విచ్చుకుని, యూవీ ఆపని అద్దం గుండా మరిన్ని కిరణాలు లోపలికి వెళతాయి.

పెదాలకు, ముక్కు లోపలి అంచుకు వాజలిన్ పనికొస్తుంది. కొబ్బరి నూనె మీద ఆధారపడితే ఇబ్బందే. అది 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. ఇక్కడ ఏడాదిలో చాలా నెలలు ధారగా కారే నూనె లేహ్ గదిలో తెల్లటి ముద్దై, సన్నమూతి సీసాలోంచి చుక్క కూడా రాదు. తప్పదనుకుంటే వెడల్పు మూత డబ్బాలో పోసుకెళ్లాలి.

పొడిగాలిలో ప్రతి ఊపిరితోనూ ఒంట్లో తేమ పోతుంది, చెమట కనిపించదు కాబట్టి దాహం గుర్తురాదు. లీటరు నీళ్ల సీసా, వేడినీళ్లకు చిన్న ఫ్లాస్కు తోడుంచుకుని, మూత్రం లేత రంగులో ఉండేంత నీరు తాగాలి.

తిండి, సీసాలు

లేహ్‌లో నీళ్లు 88 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. మామూలు గిన్నెలో బియ్యం పలుకుగా మిగులుతాయి, కందిపప్పు గంటసేపు ఉడికినా మెత్తబడదు. పీడనం పెంచే కుక్కరు ఉంటేనే ఇక్కడి వంట అక్కడ కుదురుతుంది. కాబట్టి సొంతంగా వండుకుందామని పప్పు, బియ్యం మోసుకెళ్లడం వృథా. అటుకులు, మరమరాలు, పల్లీపట్టీ, సున్నుండలు, సకినాలు, ఏజెన్సీలో చేసే ఇప్పపువ్వు లడ్డు లాంటివి పొయ్యి అడగవు. ఎత్తులో ఆకలి మందగిస్తుంది కనుక కొద్దికొద్దిగా తినదగినవే మంచివి. పైగా అదే శక్తిని ఇవ్వడానికి కొవ్వుకంటే పిండిపదార్థాలకు తక్కువ ఆక్సిజన్ చాలు.

ఆవకాయ సీసా విషయంలో మరో జాగ్రత్త. భద్రాచలంలో బిగించిన సీసాలో చిక్కుకున్న గాలి లేహ్ పీడనంలో ఒకటిన్నర రెట్లు వ్యాకోచించాలని చూస్తుంది. సగం ఖాళీ సీసా అయితే ఆ గాలి నూనెను మూత సందుల్లోంచి బయటకు నెడుతుంది. సీసా అంచుదాకా నింపాలి, రెండు కవర్లలో చుట్టి నిలువుగా పెట్టాలి. షాంపూ సీసాను నొక్కి గాలి తీసేసి మూత బిగించాలి. ఎండుకొబ్బరి, హారతి కర్పూరం, అగ్గిపెట్టెలు మండే గుణం వల్ల విమానం సామానులో అనుమతించరు. ప్రసాదంగా ఇచ్చిన ఎండు చిప్పలనైనా తనిఖీలో తీసేస్తారు.

ఫోను, కరెంటు

ఇతర రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు లద్దాఖ్‌లో పనిచేయవు. పోస్ట్‌పెయిడ్ కనెక్షన్ ఉండాలి, లేదా ఫోను కలవదని ఇంట్లో ముందే చెప్పి వెళ్లాలి. పవర్ బ్యాంకును చెక్-ఇన్ పెట్టెలో పెట్టకూడదు, చేతి సంచిలోనే ఉండాలి. 100 వాట్-అవర్ల దాకా ప్రత్యేక అనుమతి అక్కర్లేదు. 20,000 ఎంఏహెచ్ బ్యాంకు సుమారు 74 వాట్-అవర్లు. చలికి బ్యాటరీ శక్తి తగ్గుతుంది, కాబట్టి కనుమల మీద ఫోను లోపలి జేబులో ఉంచుకోవాలి.

ఇంత సర్దినా దేశీయ విమానాల్లో మామూలుగా అనుమతించే 15 కిలోల్లో సామాను ఇమిడిపోతుంది. యాత్రలో పాటించాల్సిన నియమాలు మూడే. తలనొప్పి ఉంటే ఇంకా పైకి వెళ్లకూడదు. విశ్రాంతితో తగ్గకపోతే లేహ్‌లోని సోనమ్ నోర్బూ స్మారక ఆసుపత్రికి వెళ్లాలి. ఆయాసమో తడబాటో కనిపిస్తే రాత్రని చూడకుండా వైద్యం అందుకుంటూ కిందకు దిగాలి. ఎత్తు జబ్బుకు అసలు మందు కిందకు దిగడమే. అందువల్ల తిరుగు టిక్కెట్టు కొనేటప్పుడే రెండు రోజులు అదనంగా ఉంచుకోవాలి. ఆ వ్యవధి లేనివారు లేహ్‌ను మరో సెలవులకు వాయిదా వేసుకోవడమే తెలివైన పని.